ఘర్ బైఠే బీఏ

నేనొక మాట అన్నాను. అందులో సగం వాపసు తీసుకుంటున్నాను. మిగిలిన సగం మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఆ రెండు సగాల సంగతే ఈ రాత.

పోయిన నెల మా ఆపా ఇంట్లో అఖీఖా దావత్. దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా అన్నం, దాల్చా వచ్చాయి. మా భాంజీ వచ్చి సలాం చేసి పక్కన కూర్చుంది. ఇంటర్ పాసై రెండేళ్ళయింది. ఏం చేస్తున్నావు బేటా అని అడిగాను. "బీఏ చేస్తున్నా మామూ. ఆన్‌లైన్‌లో. హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ" అంది. నేను దాల్చా కలుపుకుంటూ, ఆలోచించకుండానే, "అదీ ఒక చదువేనా? ఫోన్లో బీఏ ఏమిటి?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆమె నవ్వలేదు. "మామూ, రెండేళ్ళ కింద నేను కాలేజీకి పోతానని ఏడ్చినప్పుడు ఇదే ఇంట్లో మీరు కూడా ఉన్నారు. అప్పుడేం మాట్లాడలేదు కదా. ఇప్పుడెందుకు మాట్లాడుతున్నారు?" అంది.

నిజమే. ఉన్నాను. డిగ్రీ కాలేజీ ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరం. దుల్హేభాయ్ "జమానా ఖరాబ్ హై" అన్నారు. ఫూఫీ "కైకూ జానా కాలేజ్‌కు, ఘర్ మే బైఠ్‌కే పఢ్ లేనే దో" అంది. వేరేవాళ్ళ ఇంటి వ్యవహారంలో మనమెందుకు దఖల్ ఇవ్వడమని నేను చాయ్ తాగుతూ ఊరుకున్నాను. మరుసటేడు ఆమె తమ్ముడికి ఇంటర్‌లో ఆమెకంటే తక్కువ మార్కులు వచ్చాయి. అయినా హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సీటు, హాస్టలు, లాప్‌టాప్, అన్నీ నెలరోజుల్లో ఏర్పాటయ్యాయి. జమానా వాడికి ఖరాబ్ కాలేదు.

కాబట్టి ముందు నేను వాపసు తీసుకోవాల్సిన సగం చెబుతాను. ఆన్‌లైన్ బీఏ చదువు కాదనడం తప్పు. కానూన్ ప్రకారం తప్పు, తారీఖ్ ప్రకారం కూడా తప్పు.

కానూన్ సంగతి చూద్దాం. దూరవిద్యకూ ఆన్‌లైన్ చదువులకూ కలిపి యూజీసీ 2020లో నిబంధనలు తెచ్చింది. ఈ పద్ధతుల్లో గుర్తింపుతో ఇచ్చిన డిగ్రీ, కాలేజీకి వెళ్ళి తెచ్చుకున్న డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబర్‌లో మళ్ళీ ఒకసారి స్పష్టంగా చెప్పింది. అంటే గ్రూప్స్ రాయొచ్చు, సివిల్స్ రాయొచ్చు, బీఈడీ ఎంట్రన్స్ రాయొచ్చు, ఎంఏ చేయొచ్చు. "ఓపెన్ డిగ్రీకి విలువ లేదంట" అని మొహల్లాలో చెప్పేవాళ్ళు ఎక్కడో విన్నది చెబుతున్నారు, చదివింది కాదు.

తారీఖ్ సంగతి ఇంకా పాతది. లండన్ యూనివర్సిటీ 1858లోనే తరగతికి రాకుండా ఎక్కడివాళ్ళయినా పరీక్ష రాసి డిగ్రీ తీసుకునే దారి తెరిచింది. మన దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది 1985లో. రెండింటికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఒకరే, ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. అంటే ఈ దేశానికి ఈ రాస్తా చూపించింది మన ఊరే. మనింటి దీపానికి మనమే విలువ ఇవ్వడం లేదు.

ఆ మొదటి రోజుల్లో అక్కడ చేరింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఆర్టీసీ కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, పెళ్ళయి చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వెసులుబాటు ఏళ్ళ తరబడి ఉండేది. ఆకాశవాణిలో పాఠాలు వచ్చేవి. ఆదివారాలు స్టడీ సెంటర్‌లో క్లాసులు. మా అబ్బా దోస్త్ ఒకాయన బీడీ కార్ఖానాలో లెక్కలు రాస్తూ అలా బీఏ చేశారు. ఆయన ఇంటి గోడకు కాబా తస్వీర్ పక్కన ఆ సనద్ ఫ్రేము కట్టి ఉండేది. చిన్నప్పుడు నేను ఆ రెంటినీ ఒకే రకం ఇజ్జత్‌తో చూసేవాణ్ని. పెద్దయ్యాక ఎక్కడో ఆ చూపు పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత 1998లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ హైదరాబాద్‌లో మొదలైంది. అది కూడా మొదట దూరవిద్యతోనే అడుగుపెట్టింది. ఎందుకంటే ఉర్దూలో చదివే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, క్యాంపస్ దాకా రాలేకపోతే క్యాంపసే వాళ్ళ దాకా వెళ్ళాలి. మదర్సాలో చదివి ఆలిం అయినవాళ్ళను అక్కడ తీసుకుంటారు. వాళ్ళ కోసం బ్రిడ్జ్ కోర్సులున్నాయి. మా మసీదు ఇమాం సాబ్‌కు ఫజర్ నుంచి ఇషా దాకా అయిదు పూటల హాజరీ. ఏ కాలేజీ ఆయన టైంటేబుల్‌కు సరిపోతుంది? అలాంటి మనిషికి ఈ రాస్తా నేమత్ కాక ఇంకేమిటి?

కొన్ని లెక్కలు కూడా చెప్పుకోవాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక 2001 జనాభా లెక్కలు తీసుకుని ఒక మాట చెప్పింది. ఇరవై ఏళ్ళు దాటిన భారతీయుల్లో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్ళు దాదాపు 7 శాతమైతే, ముసల్మానుల్లో 4 శాతం కూడా లేరు. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో పై చదువుల్లో ఉన్న ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. 2020-21 నాటికి ఆ సంఖ్య 19.2 లక్షలకు పడిపోయింది. కరోనా ఏడాది అది. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని చదువు ఆపకుండా నెట్టుకొచ్చిన ఏడాది, మన పిల్లలు దుకాణాల్లో, వర్క్‌షాపుల్లో, వంటింట్లో తేలారు. ఇంత ఖాళీ ఉన్న ఇంట్లో తలుపు ఏ వైపు తెరుచుకున్నా దాన్ని మూసే హఖ్ నాకు లేదు.

ఇంకో సంగతి. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఇంట్లో స్కూలు మొహం చూడని అమ్మీల కూతుళ్ళు అక్కడ ఇంటర్ దాకా చదివి బయటికొస్తున్నారు. ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, కబడ్డీ ఆడుతున్నారు. తర్వాత? ఊరికి వాపసు. రిష్తాలు చూడడం మొదలు. ఆ రెండు మూడేళ్ళ ఖాళీలో ఒక సనద్ చేతికొస్తుందంటే, ఇన్‌షా అల్లాహ్, అది రేపు ఆ అమ్మాయి జీవితానికి ఆసరా అవుతుంది. నికాహ్ తర్వాత ఏ మజ్‌బూరీ వచ్చినా, పది ఫెయిలైన చేతికీ డిగ్రీ ఉన్న చేతికీ తేడా ఉంటుంది.

ఇక బీఏ మీద మనవాళ్ళకున్న చిన్నచూపు గురించి. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాకపోతే ఫార్మసీ, అదీ కాకపోతే బీకాం కంప్యూటర్స్. బీఏ అంటే ఏదీ దొరకనివాళ్ళకు దొరికేది. అదబ్, తారీఖ్, సియాసత్, ఫల్సఫా, సమాజం, వీటన్నిటినీ కలిపి ఇంగ్లీషులో లిబరల్ ఆర్ట్స్ అంటున్నారు. పెద్ద పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో లక్షల ఫీజు కట్టి ఆ చదువే చదువుతున్నారు. అక్కడ ఫ్యాషన్, మన దగ్గర మజాక్.

మనమెప్పుడూ ఇలా లేము. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు బోధనాభాష ఉర్దూ. దాని కోసం దారుత్తర్జుమా అని ప్రత్యేకంగా ఒక అనువాద శాఖ పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటివాళ్ళు అందులో పనిచేశారు. తారీఖ్, ఫల్సఫా, మన్తిఖ్, అర్థశాస్త్రం, సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. అంటే నూరేళ్ళ కింద ఈ గడ్డమీద, మన జబాన్‌లో లోకాన్ని చదవాలని ఖజానా తెరిచారు. ఆ ఖౌమ్ పిల్ల ఈరోజు హిస్టరీ చదువుతానంటే, దానితో నౌక్రీ వస్తుందా అని ఒక్క సవాలే అడుగుతున్నాం.

నౌక్రీ సవాలు తప్పు కాదు. పేట్ కా సవాల్ అందరికీ ఉంటుంది. కానీ తారీఖ్ తెలియకపోతే పడే దెబ్బ ఎవరికంటే ఎక్కువ మనకు తెలియాలి. పొద్దున లేస్తే వాట్సాప్‌లో మన తాతల గురించి ఎవరో ఒకరు కహానీ పంపుతారు. ఔరంగజేబు గురించి, రజాకార్ల గురించి, నిజాం గురించి. మనవాళ్ళు ఏం చేస్తారు? ఉర్దూలో ఇంకో కహానీ తిరిగి పంపుతారు, సుల్తానులందరూ ఫరిష్తాలైపోయిన కహానీ. రెండు అబద్ధాలు ఢీకొంటే నిజం పుట్టదు.

మా భాంజీ ఆ రోజు దావత్ అయ్యాక, కోపం చల్లారాక, నాతో ఒక మాట అంది. "మామూ, పోలీస్ యాక్షన్ గురించి నానీ చెప్పేది ఒకటి. స్కూలు పుస్తకంలో ఉన్నది ఇంకొకటి. ఇప్పుడు నేను చదువుతున్నదాంట్లో మూడోది ఉంది. ఏది నమ్మాలి?" 1948 సెప్టెంబర్ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో ఏం జరిగిందో చూసి రమ్మని భారత ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్‌ను పంపింది. వాళ్ళు ఊళ్ళు తిరిగి నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటికి కనిపించలేదు. రజాకార్లు చేసిన జుల్మ్ కూడా తారీఖే, తర్వాత ముసల్మానుల మీద జరిగిన ఖత్ల్ కూడా తారీఖే. నానీ మాట గవాహీ. సర్కారీ కాగితం కూడా ఒక గవాహీ. ఏ గవాహీ ఎక్కడ నిలబడుతుంది, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అని తూచడమే బీఏ నేర్పే హునర్. మన ముహద్దిసులు హదీసుకు ఇస్నాద్ చూసింది, ఒక్కో రావీ గురించి ఆరా తీసింది ఇందుకే కదా. ఈ ఇల్మ్ మనకు కొత్త కాదు, మరిచిపోయాం అంతే.

ఫోన్లో చదివే పిల్ల ఆ సవాలు అడిగింది. క్యాంపస్‌లో అయిదేళ్ళున్న నేను, ఆ వయసులో, ఆ సవాలు అడగలేదు. అందుకే నా మాట సగం వాపసు.

ఇప్పుడు రెండో సగం.

"ఘర్ మే బైఠ్‌కే పఢ్ లే" అనే మాటలో నాకు రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకటి, దారి లేని చోట దారి చూపించే గొంతు. ఇంకొకటి, ఉన్న దారి మూసేసి కిటికీ చూపించే గొంతు. మొదటిదానికి సలాం. రెండోదాంతో నాకు ఝగడా.

భర్త గల్ఫ్‌లో ఉండి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న తల్లికి, నడవలేని పిల్లకు, రోజుకూలీ చేసే కుర్రాడికి, ఇమాం సాబ్‌కు ఆన్‌లైన్ బీఏ మొదటి గొంతు. మార్కులు, సీటు, ఓపిక అన్నీ ఉన్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి, తమ్ముణ్ని హాస్టల్‌కు పంపిన ఇంట్లోనే, అది రెండో గొంతు. మునుపు బస్సు చార్జీలు అని బహానా చెప్పేవాళ్ళు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆ బహానా పోయింది. ఇప్పుడు ఆన్‌లైన్ దొరికింది. "మేం చదువు మాన్పించలేదు కదా, చదివిస్తున్నాం కదా" అని ఇంట్లోవాళ్ళు దిలాసాగా చెప్పుకుంటారు. అడిగేవాళ్ళ నోరూ మూతపడుతుంది.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఏ అబ్బా అయినా తనను తాను అడగవచ్చు. ఇదే కోర్సు, ఇదే ఫోను, ఇదే మూల, నా కొడుక్కు ఇస్తానా? ఇస్తానంటే, బిస్మిల్లాహ్. ఇవ్వనంటే, కూతురికి ఇస్తున్నది తాలీం కాదు, తసల్లీ.

మౌలానా ఆజాద్ ఏ కాలేజీకి వెళ్ళారు అని నాతో వాదించినవాళ్ళున్నారు. నిజమే, ఆయన చదువంతా ఇంట్లోనే జరిగింది. స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి అయ్యారు. కానీ ఆ ఇల్లు ఎలాంటిదో కూడా చెప్పాలి కదా. తండ్రి స్వయంగా ఆలిం. ఒక్కో సబ్జెక్టుకు ఉస్తాదులు ఇంటికొచ్చి చెప్పేవాళ్ళు. పదిహేను పదహారేళ్ళకే ఆయన పత్రిక నడుపుతూ కలకత్తా ఆలింలతో, షాయర్లతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతున్నారు. ఇంట్లో కూర్చున్నది ఆయన శరీరం మాత్రమే. మన ఇళ్ళలో ఒక పుస్తకాల అల్మారా ఉందా? టీవీ ఆపి పిల్ల చదువుకుంటుందని గొంతు తగ్గించే ఆనవాయితీ ఉందా? లేనప్పుడు ఆజాద్ సాబ్ పేరు అడ్డం పెట్టుకోవద్దు.

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం లాంటివి ఆన్‌లైన్‌లో డిగ్రీగా ఇవ్వకూడదని యూజీసీ నిబంధన. ఎందుకంటే వాటికి ల్యాబు, వార్డు, కోర్టు కావాలి. బీఏకి ఇవేవీ అక్కర్లేదు కాబట్టి అసలేమీ అక్కర్లేదని మనం అనుకున్నాం. బీఏకి కూడా ల్యాబ్ ఉంది. దాని పేరు బహస్. క్లాసులో పక్క బెంచీ మీద ఇంకో కులం, ఇంకో మజహబ్, ఇంకో పార్టీ ఇంటి నుంచి వచ్చిన పిల్ల కూర్చుంటుంది. నువ్వు చదివిందే తనూ చదివి ఇంకోలా అర్థం చేసుకుంటుంది. క్యాంటీన్‌లో పోట్లాడతారు, మళ్ళీ ఒకే సమోసా పంచుకుంటారు. ఈ దేశంలో ముసల్మాను అమ్మాయికి ఆ బెంచీ ఎంత అవసరమో, ఆ పక్కన కూర్చునే పిల్లకు ముసల్మాను అమ్మాయితో దోస్తీ అంతే అవసరం. మనం ఇంట్లో కూర్చోబెట్టిన ప్రతి అమ్మాయీ ఏదో ఒక క్లాసులో ఖాళీ బెంచీ. ఆ ఖాళీలో మన గురించి పుకార్లు కూర్చుంటాయి.

ఆన్‌లైన్ కోర్సుల్ని తయారుచేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. నిబంధనల ప్రకారం ఆ చదువుకు నాలుగు భాగాలుండాలి. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, నాలుగోది చర్చా వేదిక. మా భాంజీని అడిగాను, ఆ నాలుగోదాంట్లో ఏం జరుగుతుందని. "అసైన్‌మెంట్ లాస్ట్ డేట్ ఎప్పుడు సర్ అని అడుగుతారు మామూ, అంతే" అంది. మన పెద్దలు పుస్తకంతో పాటు ఉస్తాద్ సోహబత్ కూడా కావాలని ఎందుకన్నారో ఆ ఒక్క జవాబు చెబుతుంది. సనద్ కాగితం వస్తుంది. సోహబత్ డౌన్‌లోడ్ కాదు.

మరి ఏం చేయాలి? ఆన్‌లైన్ వద్దనడం కాదు. అది లేకుండా చదవలేనివాళ్ళు మనలో లక్షలున్నారు. చేరేటప్పుడు కళ్ళు తెరిచి చేరాలి. చేరాక ఒంటరిగా వదలకూడదు.

చేరేటప్పటి జాగ్రత్తలు కొన్ని చెబుతాను. ఏ యూనివర్సిటీ ఏ కోర్సును ఆన్‌లైన్‌లో, ఏది దూరవిద్యలో ఇవ్వొచ్చో యూజీసీ దూరవిద్యా మండలి వెబ్‌సైట్‌లో ప్రతి సెషన్‌కు జాబితా ఉంటుంది. కోర్సు పేరు, సంవత్సరం సహా అక్కడ చూసుకోండి. యూనివర్సిటీ పేరు పెద్దదైతే సరిపోదు. 2024 నుంచి చేరేవాళ్ళు డెబ్ ఐడీ అని ఒక నంబరు స్వయంగా తీసుకోవాలి. మీ పేరున, మీ ఫోనుతో తీసుకోండి. "మేమే అంతా చూసుకుంటాం" అనే గల్లీ కన్సల్టెన్సీ చేతికి సర్టిఫికెట్లు ఇవ్వకండి. ఫ్రాంచైజీ పెట్టి డిగ్రీ నడపడానికి యూనివర్సిటీలకు ఇజాజత్ లేదని యూజీసీ 2022 జనవరిలోనే హెచ్చరించింది. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి. ఏడాదిలో డిగ్రీ, పరీక్ష లేకుండా డిగ్రీ అన్నవాడికి దూరం నుంచే ఖుదా హాఫిజ్ చెప్పండి.

ఇంకోటి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్ళకు తర్వాత ఎల్ఎల్‌బీలో అడ్డు పడుతుంది. పది, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి ఇంటర్ ఆగిపోయినవాళ్ళు ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పూర్తి చేసి తర్వాత బీఏకి రండి. కొంత కాలం ఎక్కువ పడుతుంది. రేపు వకీలు అవ్వాలన్న ఖ్వాహిష్ పుడితే ఆ కాలమే కాపాడుతుంది.

చేరాక ఇంట్లో ఇవ్వాల్సినవి మూడు. ఆమెకంటూ ఒక ఫోను. అబ్బా దుకాణం మూసి వచ్చాక రాత్రి పదకొండింటికి ఇచ్చే ఫోను కాదు. ఆమెకంటూ ఒక వేళ, ఆ వేళలో మెహమాన్లు వచ్చినా చాయ్ ఇంకెవరైనా పెట్టాలి. కాలేజీలో ఉన్న కొడుకుని రోటీలు చేయమని ఎవరూ పిలవరు కదా, ఇంట్లో కాలేజీ ఉన్న కూతురినీ పిలవకూడదు. మూడోది, పరీక్ష వేళకు నికాహ్ తారీఖు పెట్టకపోవడం. నవ్వుకోకండి. మూడు సంవత్సరాల కోర్సు ఆరేళ్ళు సాగడానికి, అసలే ఆగిపోవడానికి, నేను చూసిన ఇళ్ళలో ఇదే పెద్ద కారణం.

ఇక ఇంటి బయట. మన చాలా టౌన్లలో సర్కారు కట్టించిన ఉర్దూ ఘర్ షాదీఖానాలు ఉన్నాయి. బోర్డు మీద ముందు ఉర్దూ ఘర్ అనే రాసి ఉంటుంది. లోపల జరిగేది షాదీ ఒక్కటే. ముహూర్తం లేని రోజు తాళం. ఇత్వార్ నాడు రెండు గంటలు ఆ తాళం తీయించగలమా? ఊళ్ళో దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చదివే పిల్లల్ని, ముసల్మానులే కానక్కర్లేదు, ఎవరైనా సరే, అక్కడ కూర్చోబెట్టగలమా? రిటైరైన టీచర్లు లేని ఊరు లేదు. ఒకరోజు హిస్టరీ మేష్టారు, ఒకరోజు ఉర్దూ మేడం. ఒక పాఠం అందరూ చదివి వస్తారు, దాని మీద మాట్లాడుకుంటారు. ఖర్చు చాయ్, బిస్కెట్లు. కమిటీలు జల్సాలకు పెట్టే మైకు ఖర్చులో పదోవంతు కాదు.

ఇది నేను వేరేవాళ్ళకు చెప్పే నసీహత్ లాగా ఉంది. కాదు. ఆ దావత్ రోజు మా భాంజీకి నేను మాఫీ అడిగాను. "నీకేం కావాలి బేటా, ఫీజు కట్టనా?" అన్నాను. "ఫీజు అబ్బా కట్టేశారు మామూ. నాతో కూర్చుని మాట్లాడేవాళ్ళు లేరు" అంది. అప్పటినుంచి ప్రతి ఇత్వార్ అసర్ తర్వాత ఆమె ఫోన్ చేస్తుంది. ఒక పాఠం తను చదువుతుంది, నేనూ చదవాలి. మొన్న నేను చదవకుండా ఏదో చెప్పబోతే పట్టేసింది. మా ఆపా స్పీకర్‌లో వింటోందట. పోయిన వారం మధ్యలో అందుకుని, మా అమ్మీ పోలీస్ యాక్షన్ రోజుల్లో ఏ ఊరు నుంచి ఏ ఊరికి నడిచి వెళ్ళిందో చెప్పింది. నేను పుట్టి ఇన్నేళ్ళయింది, ఆ ఊరి పేరు నాకు తెలియదు. భాంజీ రాసుకుంది.

షాదీఖానా తాళం కోసం కమిటీ సదర్ సాబ్‌కు దరఖాస్తు ఇచ్చాను. చూద్దాం అన్నారు. మీ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు ఇవ్వండి. మీ ఇంట్లో ఫోన్లో బీఏ చదివే పిల్ల ఉంటే, ఈ ఇత్వార్ ఏ పాఠం చదివావని అడగండి. మార్కులెన్ని అని మాత్రం అడగకండి.